ఆర్ట్ కాలేజీకి లోగో: గోపురం కాదు, గీత వెతకండి

తిరుపతిలో ట్రావెల్స్ బోర్డు, లాడ్జి రసీదు, కోచింగ్ సెంటర్ బ్యాగు, ఏది చూసినా గోపురమో ఏడుకొండలో దీపమో కనిపిస్తాయి. అవి మన ఊరి గుర్తులే. కానీ ఆర్ట్ కాలేజీ కూడా అవే పెట్టుకుంటే అక్కడ పిల్లలు ఏం నేర్చుకుంటారో చూసేవాళ్లకు అందదు. లోగోలో కనబడాల్సింది ఆ బడి చేతిపని.

1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ అనే డిజైన్ బడికి 1922లో అక్కడి గురువు ఆస్కర్ ష్లెమ్మర్ గీసిన ముద్ర చూడండి. నాలుగైదు నిలువు, అడ్డ గీతలతోనే మనిషి ముఖం తేలుతుంది. ఆ బడి ఆలోచన ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. టొరంటోలోని ఓకాడ్ అనే ఆర్ట్, డిజైన్ యూనివర్సిటీ 2011లో తెచ్చిన లోగోలో నల్ల చట్రం మారదు, లోపలి గడిలోకి విద్యార్థులు గీసిన బొమ్మలు వస్తాయి.

మన దగ్గర శ్రీకాళహస్తి కలంకారీ నేర్పే బడి ఉందనుకుందాం. నెమలినో లతనో తెచ్చి అతికించకండి. ఆ బొమ్మలు చీరల కొట్టు లోగోలోనూ ఉంటాయి. కలాన్నే దగ్గరగా చూడండి. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని కసిమిని (ఇనుము ఊరబెట్టిన నీటిని) పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే మొన నుంచి దిగుతుంది. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద ఆ ఇనుప నీరు నల్లబడుతుంది. నొక్కిన చోట గీత లావెక్కి, వదిలిన చోట సన్నబడుతుంది. ఆ ఒంపే మీ లోగో.

అదే కలంతో, అదే బట్ట మీద, బడి పేరులోని మొదటి అక్షరాన్ని కనీసం 30 సార్లు రాయించండి. బాగా వచ్చిన మూడింటిని 600 డిపిఐలో స్కాన్ చేసి, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోని పెన్ టూల్‌తో చేత్తోనే గీయండి. ఆటో ట్రేస్ (సాఫ్ట్‌వేరే అంచులు గీయడం) వద్దు. బట్ట నేత కూడా అంచుల్లోకి వచ్చి వందల పాయింట్లు పడతాయి, స్టిక్కర్ కటింగ్‌లో అంచు గరుకుగా తేలుతుంది.

శిల్పం నేర్పే బడికి గీత కంటే కొలత ముఖ్యం. నవతాళ ప్రమాణంలో విగ్రహం ఎత్తు 108 అంగుళాలు, అంటే 12 అంగుళాల తాళాలు తొమ్మిది. (ఇది శిల్పి అంగుళం, టేపు మీది ఇంచి కాదు.) లోగో నిలువును తొమ్మిది భాగాలు చేసి అక్షరాన్ని ఆ గళ్లలో కూర్చండి. మాధవమాల తరహా చెక్కపని నేర్పేవాళ్లయితే ఉలి తీసిన గాడిని చూడండి.

తెలుగులో ఎక్కువ చెడేది ఒత్తుల దగ్గర. "శ్రీ" తీసుకోండి. పైన గుడిదీర్ఘం చుట్ట, కింద రావత్తు. 12 మిల్లీమీటర్ల రబ్బరు స్టాంపులో ఆ చుట్ట లోపలి ఖాళీ ఇంకుతో నిండి ముద్దవుతుంది. చిన్న సైజుకు వేరే రూపం గీయండి: లోపలి ఖాళీ కనీసం 0.5 మిల్లీమీటర్లు, గీత 0.3కు తగ్గకూడదు, రావత్తును కొంచెం కిందికి దించండి. బ్రౌజర్ ట్యాబ్ మీది 16 పిక్సెళ్ల గుర్తులో పూర్తి పేరు పట్టదు, ఒక్క అక్షరమే ఉంచండి.

మొదట నలుపు తెలుపులోనే పూర్తి చేయండి. రంగు లేకుండా నిలవని లోగో జెరాక్సులో చచ్చిపోతుంది. చిన్న అక్షరాల నలుపుకు కె 100 (నల్ల ఇంకు నూటికి నూరు) ఒక్కటే పెట్టండి. నాలుగు రంగులూ కలిపితే ప్లేటు కాస్త జరిగినా అంచులు మసకబారతాయి. మంజిష్ఠ ఎరుపు ఫ్లెక్స్ మీద ఒకలా, ఆఫ్‌సెట్‌లో ఇంకోలా వస్తుంది. అందుకే అడుగు పొడవు ముక్క ముందు తీయించి పగటి వెలుగులో చూడండి.

ఫైలు ఇచ్చే ముందు అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి (ఫాంటు అక్కర్లేని గీతల్లోకి) మార్చండి. అను ఫాంటులో వదిలేస్తే ఆ ఫాంటు లేని షాపులో పేరు పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటుంది. ఎస్‌వీజీ, పీడీఎఫ్ రెండూ ఇవ్వండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి. ఐడీ కార్డులు మొత్తం ఆర్డర్ పెట్టకుండా రెండు తీయించి, చేయి చాచి పట్టుకుని పేరు చదవండి.