పందుల పెంపకం, 4వ పాఠం: చివర లేచే పిల్ల

పోయిన పాఠంలో షెడ్డులో గాలి గురించి చెప్పుకున్నాం. ఆ గాలి చెడే అదను కోసం కాచుకుని ఉండే బాక్టీరియా ఒకటుంది: స్ట్రెప్టోకాకస్ సూయిస్. బయటినుంచి రావలసిన పని దానికి లేదు. పెద్ద ఫారాల్లో చాలా పందుల టాన్సిళ్లలో, ముక్కులో అది కాపురముంటుంది. ఈనేటప్పుడే తల్లి నుంచి పిల్లకు అంటుతుంది. కాబట్టి ఎక్కడిదని వెతకడం మాని, ఇవాళే ఎందుకు రెచ్చిపోయిందని అడగండి.

ముర్రుపాలతో వచ్చిన రక్షణ తరిగిపోయే రోజులూ, పాలు మాన్పించి నాలుగైదు తల్లుల పిల్లలను ఒకే గదిలోకి తోలే రోజులూ దాదాపు ఒకటే. కొట్లాటలు, ఇరుకు, అమ్మోనియా ఘాటు, తెల్లవారుజామున చలి... ఏదో ఒకటి చాలు. 5 నుంచి 10 వారాల పిల్లలపై ఎక్కువ కన్నేసి ఉంచాలి.

ఇక పని. ఉదయం మేత వేయకముందు గది దగ్గర అలికిడి లేకుండా నిలబడి, ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆరోగ్యంగా ఉన్నవి దిగ్గున లేచి పరుగెత్తి, మరుక్షణం వెనక్కి తిరిగి మిమ్మల్నే చూస్తాయి. ఒకటి మాత్రం చివర లేస్తుంది. చెవులు వెనక్కి వాల్చి, తల పక్కకు వంచి, తూలుతూ గోడకు ఆనుకుంటుంది. దాన్ని పట్టుకుని కళ్లు చూడండి. కనుగుడ్లు అటూ ఇటూ సన్నగా అదురుతుంటే మెదడు పొరలకు వాపు వచ్చిందనే అనుమానించాలి. థర్మామీటరు తరచుగా 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఇంకా ఆగితే పక్కకు పడిపోయి, సైకిలు తొక్కినట్టు కాళ్లు కొట్టుకుంటుంది. చాలామంది అప్పుడే చూస్తారు.

వెంటనే పశువైద్యుడిని పిలవండి. సాధారణంగా పెన్సిలిన్ రకం ఇంజెక్షను, దానితోపాటు వాపు తగ్గించే మందు ఇస్తారు. పిల్లను విడిగా మెత్తటి గడ్డి మీద పడుకోబెట్టండి. గది మొత్తానికీ తాగే నీళ్లలో మందు కలిపి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. జబ్బుపడ్డ పిల్ల అసలు నీళ్ల దగ్గరికే పోదు కదా!

మీ చేతులూ చూసుకోండి. 2005లో చైనాలోని సిచువాన్‌లో ఈ బాక్టీరియా సోకి 38 మంది చనిపోయారు. జబ్బుపడిన, చచ్చిన పందులను కోసినవారికే అది ఎక్కువగా సోకింది. బతికి బయటపడినవారికి చెవుడు మిగలడం ఈ జబ్బులో మామూలే. చేతికి గాయముంటే గ్లవుజులు లేకుండా పిల్లను తాకవద్దు. చచ్చిన పిల్లను కోయవద్దు.

ఈ వారం అభ్యాసం: ప్రతి గది తలుపుకూ ఒక అట్టముక్క కట్టండి. చివర లేచిన పిల్ల ఏది, రాత్రి చలి ఎంత, పిల్లలను కలిపి ఎన్ని రోజులైంది, ఈ మూడే రాయండి. 5వ పాఠానికి ఆ అట్టలు కావాలి.