పాత కారు ఇంజిన్ పని: చేయించాలా, వదిలించుకోవాలా? (బెంగళూరు తెలుగువాళ్ల కోసం)

"ఇంజిన్ పోయింది సార్, దించాల్సిందే" అని మెకానిక్ అన్నాడా? ఏ భాగం పోయిందో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

సమస్య: నీలం పొగ, ఆయిల్ తగ్గిపోవడం

పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పొగ కాసేపు వచ్చి ఆగిపోతే ముందు వాల్వ్ సీల్స్‌ని (వాల్వుల పక్కనుంచి ఆయిల్ సిలిండర్‌లోకి కారకుండా ఆపేవి) అనుమానించాలి. ఇది చిన్న పనే. బండి లాగుతున్నప్పుడల్లా వస్తుంటే, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి చూడండి. గుప్పుగుప్పుమని పొగ తన్నుతుంటే దాన్నే మెకానిక్‌లు 'బ్యాక్ కంప్రెషన్' అంటారు. పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగి ఉండొచ్చు.

ఉండొచ్చు అంతే. పెట్రోల్ బండయితే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి. ఏదైనా సిలిండర్‌లో రీడింగ్ తక్కువొస్తే స్పార్క్ ప్లగ్ రంధ్రంలో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. పెరిగితే లోపం రింగుల్లో ఉంది: బోరు కొట్టించి (వెడల్పు చేయించి) ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాల్సి రావచ్చు, జేబుకు చిల్లు పడేది ఇక్కడే. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో (ఇంజిన్‌కీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు). కింద ఇంజిన్ ముట్టుకోకుండా హెడ్ పనితో పోవచ్చు. టర్బో డీజిల్‌కయితే ముందు ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపు విప్పించండి. లోపల ఆయిల్ నిలిచి ఉంటే తప్పు టర్బోది కావచ్చు.

సమస్య: హీట్

సిల్క్ బోర్డ్ జామ్‌లో టెంపరేచర్ ముల్లు పైకెక్కి, హోసూరు రోడ్డు ఫ్లైఓవర్ మీద దిగిపోతోందా? సాధారణంగా రేడియేటర్ ఫ్యానో, రిలేనో. స్పీడులోనూ వేడెక్కుతూ, కూలెంట్ తగ్గుతూ, తెల్లపొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. దగ్గర దూరాలే తిరిగే బండికి చలికాలంలో ఆయిల్ మూత కింద మీగడలా పేరుకోవడం మామూలే. డిప్‌స్టిక్ మీదా అలాగే ఉంటే నీళ్లు కలిసినట్టు. హెడ్‌ని లేత్ షాపుకు పంపి వంకర, పగులు చూపించాకే గ్యాస్కెట్ వేయించండి.

సమస్య: ఇంజిన్ అడుగున టకటక, ఆయిల్ లైట్ వెలగడం

వెంటనే ఆపేసి టోయింగ్‌కు ఫోన్ చేయండి. ఆయిల్ లెవల్ సరిగానే ఉంటే బేరింగులు పోయి ఉండొచ్చు.

ఇక డబ్బు లెక్క

బాగుచేశాక రెండు లక్షలకు పోయే బండి ఇప్పుడున్న స్థితిలో ఎనభై వేలకు పోతుందనుకోండి. తేడా లక్షా ఇరవై వేలు. రిపేరు తొంభై వేలయితే చేయించేయండి, తర్వాత అమ్మినా నష్టం లేదు. లక్షన్నరయితే ఇంకో మూడు నాలుగేళ్లు మీరే నడపాలి, క్లచ్, సస్పెన్షన్ బాగుండాలి, అడుగున తుప్పు ఉండకూడదు. లేకపోతే నేనైతే పెట్టను.

ఏపీ, తెలంగాణ నంబరు బండికి ఇంకో ఖర్చుంది. కర్ణాటకలో 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరుకు మార్చి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. రిపేరుకు అదీ కలిపితే చాలా పాత బండ్లు గిట్టుబాటు కావు. సొంతూళ్లో అమ్మడమే మేలు. 15 ఏళ్లకు ఆర్‌సీ గడువు ముగుస్తుంది, బండి ఫిట్‌గా ఉంటే ఐదేళ్లకోసారి రెన్యూవల్. పదేళ్ల డీజిల్‌కు కాలం చెల్లిందనే మాట ఢిల్లీ వైపుది, దానికి భయపడి అగ్గువకు ఇచ్చేయకండి.

శివాజీనగర్ పాత సామాన్ల కొట్లలో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ దొరికిందంటే, బిల్లు, దాని పాత బండి కాగితాలు తీసుకోండి. కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పాలి. కాగితాలు ఇవ్వనంటే ఆ ఇంజిన్ ఎంత చవకైనా వద్దు.