డాబా నీళ్లను వీధి కాలువకు వదలకండి

నేను విజయనగరంలో తాపీ మేస్త్రీని. ఇల్లు కట్టించుకునేవారు గచ్చు గురించి, రంగుల గురించి గంటల తరబడి అడుగుతారు. వాన నీళ్లు ఎటు పోతాయని మాత్రం అడగరు. డాబా గొట్టాన్ని వీధి కాలువలోకి తిప్పించి ఊరుకుంటారు. అందరి గొట్టాలూ అందులోకే తిరిగితే పల్లంలో ఉన్నవారి గడప దాటి నీళ్లు రాక ఏం చేస్తాయి?

చదరపు మీటరు డాబా మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పటి వాన ముందు ఈ 50 ఏ మూలకూ రాదు.

ఈ నీళ్లను ఇంటి దగ్గరే భూమిలోకి దించాలంటే ఇంకుడు గుంత తవ్వించుకోవాలి. దానికి ముందు నేలను చూడాలి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపి గంట ఆగండి. రెండంగుళాలు దిగితే నేల మంచిదే. అంగుళం కూడా దిగకపోతే అది బంకమట్టి, అక్కడ నీళ్లు నిల్వ చేసే తొట్టి కట్టించుకోవడమే మేలు. నాగావళి ఒడ్డునైనా, చెరువు గట్టు కిందనైనా, నాలుగైదు అడుగులకే ఊట తగిలే చోట గుంత తవ్వవద్దు.

పునాదికి పది అడుగులు, మరుగుదొడ్డి ట్యాంకుకు అంతకంటే ఎక్కువ దూరం ఉండాలి. నేను ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు తవ్విస్తాను. అడుగున పెద్ద రాళ్లు, ఆపైన 40 ఎంఎం కంకర, తర్వాత చిప్స్ (సన్న కంకర), అన్నిటికంటే పైన అరడుగు ఇసుక. చిప్స్‌కూ ఇసుకకూ మధ్య నైలాను దోమల వల తప్పనిసరి. అది లేకపోతే ఇసుక కిందికి జారి రాళ్ల సందులు పూడుకుపోతాయి, రెండు వానాకాలాలకే గుంత చచ్చిపోతుంది. విరిగిన ఇటుకలతో నింపుతామంటే ఒప్పుకోకండి, సరిగా కాలని ఇటుక నాని బురదవుతుంది. రాళ్లు ఆక్రమించే చోటు పోగా ఈ గుంతలో ఒకేసారి నిలిచేది సుమారు 1,600 లీటర్లే; మిగతాది వాన పడుతుండగా ఇంకాలి. అందుకే పొంగే నీళ్లకు పైన ఒక గొట్టం పెట్టి, దాన్ని మాత్రమే కాలువకు కలపండి.

డాబా నుంచి దిగే గొట్టానికి టీ (మూడు దారుల గొట్టం ముక్క), దానికి మూత బిగించి, తొలకరి నీళ్లు బయటికి వదిలేయండి. ఆకులు, పక్షుల రెట్టలు వాటితోనే పోతాయి. మే నెలాఖరులో పై ఇసుక తీసి కడిగి మళ్లీ పరచండి. కూలి ఖర్చనుకుని ఈ ఒక్క పని మానకండి.