పాత ల్యాప్‌టాప్ కొనేముందు విండోస్ ఇలా చూసుకోండి

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో పాత ల్యాప్‌టాప్ కొంటుంటే, డబ్బు కట్టకముందే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. విండోస్ ఎడిషన్ (హోమ్, ప్రో లాంటిది) అక్కడే కనిపిస్తుంది. 2015లో వచ్చిన విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 (భద్రతా చిప్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలి. ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆ పైది. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే వదిలేయకండి, చాలాసార్లు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్‌లో) ఆపేసి ఉంటుంది.

అసలు చిక్కు యాక్టివేషన్‌లో, అంటే ఆ విండోస్‌కి సరైన లైసెన్స్ ఉందా లేదా అన్నదాంట్లో. సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్స్ అని ఉంటే సరే. సంస్థ యాక్టివేషన్ సర్వీస్ అని ఉంటే మాత్రం తీసుకోవద్దు: అది ఏదో కంపెనీ సర్వర్ ద్వారా చేసింది, దాని గడువు 180 రోజులే, ఆలోపు ఆ సర్వర్ అందకపోతే యాక్టివేషన్ పోతుంది.

ఇంటి వాడకానికి హోమ్ చాలు. వేరేచోటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఆ మెషీన్‌లోకి రావాలంటేనే ప్రో కావాలి.