చేతిలో డబ్బు తక్కువున్నా విదేశాల్లో ఫిజిక్స్ పీహెచ్‌డీకి ఎలా వెళ్లాలి

ముందుగా ఒక్క మాట. అమెరికా వెళ్లాలనుకుంటే ఎంఎస్‌కి (అక్కడి మాస్టర్స్) కాదు, డిగ్రీ అవ్వగానే నేరుగా పీహెచ్‌డీకే అప్లై చేయండి. అక్కడ ఫిజిక్స్ ఎంఎస్‌కి చాలా చోట్ల మన జేబులోంచే ఫీజు కట్టాలి. అదే పీహెచ్‌డీలో చేరితే సాధారణంగా ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది, పైగా ల్యాబ్ క్లాసులు చెప్పినందుకో, ప్రొఫెసర్ ప్రాజెక్టులో పనిచేసినందుకో నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. మాస్టర్స్ లేకుండా పీహెచ్‌డీ ఎవరిస్తారులే అని ఆగిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మీది 3 ఏళ్ల డిగ్రీ అయితే మాత్రం, మీరు అప్లై చేసే యూనివర్సిటీలోని ఫిజిక్స్ విభాగం ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

జర్మనీలో పద్ధతి వేరు. పీహెచ్‌డీకి మామూలుగా మాస్టర్స్ ఉండాలి, చేరాక అది చాలావరకు జీతమొచ్చే ఉద్యోగమే. మాస్టర్స్‌కి ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. అలాగని ఖర్చు లేదనుకోకండి, స్కాలర్‌షిప్ లేనివాళ్లు వీసా కోసం ఏడాదికి సుమారు 12 వేల యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంతే అని తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతా) వేసి చూపించాల్సి వస్తుంది, చాలామంది అక్కడే ఇరుక్కుపోతారు.

చాలామందికి తెలియని దారులు ఇంకొన్ని ఉన్నాయి. ఇటలీలోని ట్రియెస్టెలో అబ్దుస్ సలాం 1964లో పెట్టిన ఐసీటీపీ అనే ఫిజిక్స్ పరిశోధన కేంద్రం ఉంది కదా, వర్ధమాన దేశాల విద్యార్థులకు అక్కడ ఒక ఏడాది డిప్లొమా ఉంది, చదువుకీ ఉండటానికీ అయ్యే ఖర్చు వాళ్లే భరిస్తారు, అది చేసి మంచి పీహెచ్‌డీలకు వెళ్లొచ్చు. ఆస్ట్రియాలో వియన్నా దగ్గరి ఐఎస్‌టీఏ, జపాన్‌లో ఒకినావాలోని ఓఐఎస్‌టీ అనే పరిశోధన సంస్థలు కూడా డిగ్రీతోనే పీహెచ్‌డీకి తీసుకుంటాయి, స్టైపెండో జీతమో ఇస్తాయి, అప్లికేషన్ ఫీజు అసలు ఉండదు. నన్నడిగితే లిస్టులో ముందు రాసుకోవాల్సినవి ఇవే.

ఎందుకంటే అప్లికేషన్ ఫీజులే మనల్ని ముంచేస్తాయి. అమెరికాలో ఒక్కోదానికి 75 నుంచి 100 డాలర్ల దాకా ఉండటం మామూలే, పదింటికి వేస్తే సీటు రాకముందే వెయ్యి డాలర్ల దాకా పోతాయి. కాబట్టి సెప్టెంబరు, అక్టోబరుల్లోనే విభాగంలోని గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి చిన్న మెయిల్ పెట్టండి: "మీ దగ్గర ఫలానా గ్రూపులో పనిచేయాలని ఉంది, మా ఇంటి ఆదాయం ఇంత, ఫీజు మినహాయింపుకి ఏం పంపాలి?" అంతే, నాలుగు వాక్యాలు చాలు. మొహమాటపడకండి, లేదంటే లేదంటారు. ఫిజిక్స్ జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్ష తప్పనిసరి కాదన్న విభాగాలు ఇప్పుడు చాలా ఉన్నాయి, డబ్బు ఇబ్బందైతే దాని జోలికి పోకండి. మార్కుల జాబితాలు కూడా ముందు స్కాన్ కాపీలు సరిపోతాయంటే, డబ్బు పెట్టి బయటి సంస్థలతో మూల్యాంకనం (మన డిగ్రీ అక్కడ దేనికి సమానమో తేల్చడం) చేయించకండి.

ఎస్‌ఓపీలో (ఎందుకు చేరాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో రాసే వ్యాసం) "చిన్నప్పటి నుంచి ఆకాశమంటే ఇష్టం" అని రాస్తే ఎవరికీ గుర్తుండదు. దాని బదులు, "రెండు డైమెన్షన్ల ఐసింగ్ మోడల్‌ని (అయస్కాంతానికి సరళమైన లెక్కల నమూనా) సిమ్యులేట్ చేస్తే 2.27 ఉష్ణోగ్రత దగ్గర లెక్క ఎంతసేపటికీ కుదురుకోలేదు, ఒక్కొక్క స్పిన్ తిప్పడం మానేసి గుంపులుగా తిప్పే వోల్ఫ్ పద్ధతి వాడాక కుదిరింది, ఎందుకో తెలుసుకోవాలనే ఈ రంగం ఎంచుకున్నాను" అని రాయండి. దానికి కావాల్సింది ఒక పాత లాప్‌టాప్, ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే పేపర్లు. సిఫారసు లేఖ కూడా ఆ పని కళ్లారా చూసిన టీచరుతోనే రాయించుకోండి, పెద్ద హోదా ఉండి మీ మొహం గుర్తులేని వాళ్లతో వద్దు.

ఆఫర్ వచ్చాక సంబరంలో సంతకం పెట్టేయకండి. స్టైపెండ్ 9 నెలలకా 12 నెలలకా, వేసవిలో ఎవరిస్తారు, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, మాఫీలోకి రాని ఫీజులేంటి, ఎన్నేళ్లు గ్యారంటీ, అన్నీ అడగండి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్‌కి జవాబివ్వడానికి ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి, ఆ టైమంతా వాడుకోండి.

ఇక చివరి చిక్కు మొదటి నెల. వీసా ఫీజు, అమెరికా అయితే 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థకి కట్టేది), టికెట్, ఇంటి అడ్వాన్సు అన్నీ స్టైపెండ్ చేతికి రాకముందే కట్టాలి. చేరే ముందే విభాగానికి రాసి, మొదటి స్టైపెండ్ ఏ తేదీన పడుతుందో, ముందస్తుగా కొంత ఇస్తారో లేదో, దిగగానే కొన్నాళ్లు సీనియర్ల గదిలో ఉండొచ్చేమో అడిగేయండి.