గేమ్ తెరవగానే ‘డీఎల్ఎల్ లేదు’ అంటోందా? ముందు ఆ ఫైలు ఇంటిపేరు చూడండి

వేసవి సెలవుల్లో మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, కొత్త గేమ్ ఓపెన్ కావట్లేదు. ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్ లేదంది. నెట్‌లో వెతికి ఆ ఫైలు దించి సిస్టమ్32లో వేశాను. ఇప్పుడు ఇంకేదో ఎర్రర్ వస్తోంది" అన్నాడు. ఇంకేదో అంటే ఏంట్రా అని అడిగితే, స్క్రీన్ చూస్తూ ఒక్కో అక్షరమే చదివాడు: 0ఎక్స్‌సీ000007బీ.

వాడిని తిట్టడానికేం లేదు. కంప్యూటర్ ఒక ఫైలు లేదంటే ఆ ఫైలు తెచ్చి పెట్టడం ఎవరికైనా తోచే పనే. కానీ ఈ విషయంలో ఆ పనొక్కటే చేయకూడదు. ఎందుకో చెప్పాలంటే ఆ మెసేజ్ అసలు అర్థం తెలియాలి.

గేమ్ అంటే మనం డబుల్ క్లిక్ చేసే ఈఎక్స్‌ఈ ఫైలొక్కటే కాదు. ధ్వని, బొమ్మలు, కంట్రోలర్ లాంటి పనులకు వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్‌ని అది అరువు తెచ్చుకుంటుంది. ఆ అరువు కోడ్ ఉండేవే డీఎల్ఎల్ ఫైళ్లు. క్లిక్ చేయగానే విండోస్ వాటిని మొదట గేమ్ ఫోల్డర్‌లో, తర్వాత తన సొంత ఫోల్డర్లలో (సిస్టమ్32 అలాంటిదే) వెతుకుతుంది. ఒక్కటి దొరక్కపోయినా గేమ్‌ని మొదలే పెట్టదు. అంటే ఈ మెసేజ్ వచ్చినప్పుడు మీ గ్రాఫిక్స్ కార్డు చాలదనో, ర్యామ్ తక్కువనో టెన్షన్ పడక్కర్లేదు. అక్కడిదాకా వ్యవహారం ఇంకా వెళ్లలేదు.

ఈ ఫైళ్లు ఒంటరిగా ఉండవు, కుటుంబాలుగా ఉంటాయి. పేరులో మొదటి నాలుగైదు అక్షరాలు ఇంటిపేరు లాంటివి. అది చూస్తే ఏ కుటుంబమో, ఏ ప్యాకేజీ వేస్తే మొత్తం కుటుంబం వస్తుందో తెలిసిపోతుంది. ఒక్క ఫైలు తెచ్చి పెడితే ఈరోజు ఇది లేదన్న గేమ్ రేపు దాని తమ్ముడు లేడంటుంది. పైగా డీఎల్ఎల్‌లు విడివిడిగా ఇచ్చే సైట్లలో ఆ ఫైలు ఏ వెర్షనో, ఎవరు ఏం కలిపారో మనకు తెలిసే దారి లేదు.

ఎంఎస్‌వీసీపీ, ఎంఎస్‌వీసీఆర్, వీసీరన్‌టైమ్ అని మొదలైతే

నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. ఇది మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ కుటుంబం. గేమ్‌ని ఆ పరికరంతో తయారు చేశారు, దాన్ని నడిపే రన్‌టైమ్ ప్యాకేజీ మీ కంప్యూటర్లో లేదు, అంతే సంగతి. కొత్తగా ఫార్మాట్ చేసిన సిస్టమ్‌లో, లేదా హాస్టల్లో స్నేహితుడి హార్డ్ డిస్క్ నుంచి గేమ్ ఫోల్డర్‌ని యథాతథంగా కాపీ చేసుకున్నప్పుడు ఇది తరచూ ఎదురవుతుంది. మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే గేమే ఈ ప్యాకేజీని కూడా వేస్తుంది. కాపీలో ఆ మెట్టు ఎగిరిపోతుంది.

చివరి అంకె ఏ ఏడాది ప్యాకేజీ కావాలో చెబుతుంది. 80 అంటే 2005, 90 అంటే 2008, 100 అంటే 2010, 110 అంటే 2012, 120 అంటే 2013. 140 అంటే 2015, ఆ తర్వాత వచ్చినవన్నీ. వాటన్నింటికీ ఒకే ప్యాకేజీ సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని వెతికితే అన్నీ ఉచితంగానే దొరుకుతాయి.

చాలామంది తడబడేది ఇక్కడే. అందులో ఎక్స్86, ఎక్స్64 అని రెండుంటాయి. నాది 64 బిట్ విండోస్ కదా అని ఎక్స్64 ఒక్కటే వేసి ఊరుకుంటారు. కానీ ఏది వేయాలో నిర్ణయించేది విండోస్ కాదు, గేమ్. పాత గేములు చాలావరకు 32 బిట్‌వి, వాటికి ఎక్స్86 కావాలి. అందుకే రెండూ వేసేయండి. ఒకదానికొకటి అడ్డురావు. రకరకాల ఏడాదులవి పది ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల లిస్టులో కనిపిస్తే చెత్త పేరుకుపోయిందనుకుని తీసేయొద్దు. ఒక్కోదానికి ఒక్కో గేమ్ ఆధారపడి ఉంటుంది.

"ఆల్రెడీ ఇన్‌స్టాల్ చేశాను, అయినా లేదంటోంది" అనే కేసు ఒకటుంది. లేదన్న ఫైలు పేరు వీసీరన్‌టైమ్140 తర్వాత అండర్‌స్కోర్ 1 అని ఉందేమో చూడండి. అది 2019 వెర్షన్‌తో కొత్తగా చేరిన ఫైలు. మీ దగ్గరున్నది 2015 నాటి పాత ప్యాకేజీ అయితే అందులో ఇది ఉండదు. తాజా ఎక్స్64 ప్యాకేజీ వేస్తే సరి. అదీ కాకపోతే అదే ఇన్‌స్టాలర్‌ని మళ్లీ తెరిచి రిపేర్ నొక్కండి.

ఇంకో చిత్రమైన కేసు. పేరు చివర డీ అక్షరం ఉంటే, అంటే ఎంఎస్‌వీసీపీ140డీ అని ఉంటే, ఏ ప్యాకేజీ వేసినా రాదు. అది డెవలపర్లు పరీక్షలకు వాడుకునే డీబగ్ వెర్షన్. ఇంజినీరింగ్ ప్రాజెక్టుగా గేమ్ చేసి క్లాస్‌మేట్లకు పంచేవాళ్లు చేసే పొరపాటు ఇది. చేసినవాళ్లనే రిలీజ్ మోడ్‌లో మళ్లీ బిల్డ్ చేసి ఇమ్మని అడగాలి.

డీ3డీఎక్స్9_43, ఎక్స్‌ఇన్‌పుట్1_3, ఎక్స్3డీఆడియో1_7

ఇవి పాత డైరెక్ట్‌ఎక్స్ (గేముల బొమ్మలు, ధ్వని చూసుకునే మైక్రోసాఫ్ట్ కోడ్) బంధువులు. ఈ ఎర్రర్ వచ్చిన ప్రతివాళ్లూ ఒకే మాట అంటారు: నాకు డైరెక్ట్‌ఎక్స్ 12 ఉంది కదా, 9 లేకపోవడమేంటి? న్యాయమైన ప్రశ్నే. విండోస్ 10లో, 11లో డైరెక్ట్‌ఎక్స్ 9 గేములు నడిపే మూలభాగం ఉంది. లేనిది దానికి పక్కన సాయంగా ఇచ్చిన లైబ్రరీలు. అవి విండోస్‌లో భాగంగా ఎప్పుడూ రాలేదు. ఏ గేమ్‌కి కావలసినవి ఆ గేమ్ వెంట తెచ్చుకునేది. ఈ అదనపు ప్యాకేజీ చివరి ఎడిషన్ జూన్ 2010లో వచ్చింది. ఇప్పటికీ కావలసింది అదే. కొత్త విండోస్ అప్‌డేట్లు ఎన్ని వేసినా ఇవి రావు.

మైక్రోసాఫ్ట్ సైట్‌లో డైరెక్ట్‌ఎక్స్ ఎండ్ యూజర్ రన్‌టైమ్స్ జూన్ 2010 అని వెతకండి. దించాక దాన్ని తెరిస్తే ఎక్కడ విప్పాలని ఒక ఫోల్డర్ అడుగుతుంది. ఒక ఖాళీ ఫోల్డర్ చూపించండి. గుట్టలుగా ఫైళ్లు పడతాయి. అయిపోయిందనుకుని చాలామంది అక్కడే ఆపేస్తారు. నిజానికి ఇప్పటిదాకా మూట విప్పారు, అంతే. ఆ ఫోల్డర్లో డీఎక్స్‌సెటప్ అనే ఫైలుంటుంది, దాన్ని నడిపితేనే అసలు ఇన్‌స్టాల్ జరుగుతుంది. ఆ తర్వాత విప్పిన ఫోల్డర్ తీసేయొచ్చు.

నెట్ లేనిచోట ఒక చిట్కా. గేములు అమ్మే స్టీమ్ నుంచి వచ్చిన గేమ్ ఫోల్డర్‌లో చాలాసార్లు కామన్‌రీడిస్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది. విజువల్ సీ ప్లస్ ప్లస్, డైరెక్ట్‌ఎక్స్ ఇన్‌స్టాలర్లు అందులోనే సిద్ధంగా ఉంటాయి. దిండు కింద తాళం పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టు, మనం వెళ్లి గూగుల్‌ని అడుగుతుంటాం.

బింక్‌డబ్ల్యూ32, స్టీమ్ఏపీఐ, వోర్బిస్‌ఫైల్

ఇవి గేమ్ వెంట గేమ్ ఫోల్డర్‌లోనే ఉండాల్సినవి. ఏ ప్యాకేజీ వేసినా రావు. లేవంటే డౌన్‌లోడ్ సగంలో తెగినా తెగి ఉండాలి, యాంటీవైరస్ అయినా ఎత్తుకెళ్లి ఉండాలి, లేదంటే మీరు మోడ్ (గేమ్‌ని మార్చే అదనపు ఫైళ్లు) వేస్తూ పాతదాన్ని చెరిపేసి ఉండాలి. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో మోడ్లు వేసినవాళ్లకు ఇది బాగా తెలిసే ఉంటుంది. మోడ్ లోడర్ కోసం వోర్బిస్‌ఫైల్‌ని మార్చి, అసలుది దాచుకోవడం మర్చిపోతారు.

స్టీమ్‌లో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్, అక్కడ వెరిఫై ఇంటెగ్రిటీ ఆఫ్ గేమ్ ఫైల్స్ నొక్కండి. పోయిన ఫైళ్లను మాత్రమే మళ్లీ దించుతుంది, మొత్తం డేటా ఖర్చు కాదు. స్టీమ్ లాంటిదే అయిన ఎపిక్‌లో గేమ్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి మేనేజ్‌లోకి వెళ్తే వెరిఫై ఉంటుంది. వెరిఫై చేశాక మళ్లీ అదే ఫైలు మాయమైతే విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ చూడండి. అక్కడ ఆ ఫైలు పేరు కనిపిస్తే, గేమ్ మీరు కొన్నదైతే, రీస్టోర్ చేయొచ్చు.

కొన్నదైతే అని ఊరికే అనలేదు. క్రాక్ చేసిన (కొనకుండా ఆడేలా తాళం తీసిన) గేముల్లో ముందు మార్చేది స్టీమ్ఏపీఐ లాంటి ఫైళ్లనే. యాంటీవైరస్ పట్టుకున్నది ఒట్టి క్రాకా, దాని వెనక ఇంకేదైనా ఉందా అనేది బయటినుంచి తేల్చలేం. "యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి" అని గేమ్‌తోపాటే సూచన వచ్చిందంటే నేనైతే ముట్టుకోను. మా వాడిని గేమ్ ఎక్కడిదిరా అంటే కాసేపు నీళ్లు నమిలి, సేల్‌లో కొన్నానన్నాడు. స్టీమ్ తెరిచి చూపించాకే నమ్మాను.

అరుదుగా కనిపించేవి

ఫిజిఎక్స్‌లోడర్ లేదంటే ఎన్‌విడియా సైట్ నుంచి ఫిజిఎక్స్ లెగసీ ప్యాకేజీ వేయాలి. ఓపెన్ఏఎల్32 అయితే ఓపెన్ఏఎల్ ఇన్‌స్టాలర్. వల్కన్-1 లేదంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదై ఉండొచ్చు, తయారీదారు సైట్ నుంచి కొత్తది వేయండి. ఎంఎఫ్‌ప్లాట్ అయితే మీది మీడియా భాగాలు లేని విండోస్ ఎన్ ఎడిషన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్ నుంచి మీడియా ఫీచర్ ప్యాక్ చేర్చుకోవాలి. విండోస్ 7 వాడుతూ ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ అనే పొడవాటి పేరు కనిపిస్తే యూనివర్సల్ సీ రన్‌టైమ్ అప్‌డేట్ లేదన్నమాట.

0ఎక్స్‌సీ000007బీ: మా వాడి రెండో ఎర్రర్

ఇది ఫైలు లేకపోవడం కాదు, తప్పు ఫైలు దొరకడం. 64 బిట్ గేమ్‌కి 32 బిట్ డీఎల్ఎల్ అంటగట్టినా, అటుదిటు చేసినా ఈ కోడ్ వస్తుంది. ఈ గందరగోళానికి విండోస్ పేర్లు కూడా కొంత కారణమే. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 ఫోల్డర్లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. సిస్‌వావ్64లో ఉండేవి 32 బిట్‌వి. పేర్లు చూసి ఎవరైనా తిరగేసే అర్థం చేసుకుంటారు.

మా వాడు దించింది 32 బిట్ ఫైలు, వేసింది సిస్టమ్32లో, గేమేమో 64 బిట్‌ది. వాడు వేసిన ఆ ఒక్క ఫైలునీ అక్కడినుంచి తీయించాను. విండోస్‌తో వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ చేయించాను. తర్వాత విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలు రెండూ వేయించి, సిస్టమ్ రీస్టార్ట్ చేయమన్నాను. స్కాన్‌కి పట్టిన సమయం తీసేస్తే పది నిమిషాల పని.

ఫైలు పేరే చెప్పకుండా మూసుకుపోతే

ఏ గేమ్ సమస్యకైనా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది విండోస్ సొంత ఫైళ్లను మాత్రమే బాగుచేస్తుంది. పైన చెప్పిన విజువల్ సీ ప్లస్ ప్లస్, పాత డైరెక్ట్‌ఎక్స్ ఫైళ్లను తెచ్చి పెట్టదు.

పేరు లేకుండా 0ఎక్స్‌సీ0000135 అని వచ్చినా కథ అదే, ఏదో డీఎల్ఎల్ దొరకలేదు. అప్పుడు ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు వెతుకుతోందో చూపించే, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ మానిటర్ పనికొస్తుంది. అందులో ఫిల్టర్‌కి గేమ్ ఈఎక్స్‌ఈ పేరు ఇచ్చి, పాత్ చివర డీఎల్ఎల్ ఉన్న వరుసలే కనిపించేలా పెట్టి గేమ్ నడపండి. నేమ్ నాట్ ఫౌండ్ అని చాలా వరుసలు వస్తాయి, కంగారు పడొద్దు. విండోస్ ఒక్కో ఫోల్డర్ వెతుక్కుంటూ పోతుంది కాబట్టి అవి సహజమే. ఒకచోట దొరక్కపోయినా కాస్త కిందికి వెళ్తే అదే ఫైలు పక్కన సక్సెస్ అని ఉంటుంది. ఎక్కడా సక్సెస్ లేని పేరే మనకు కావలసింది, సాధారణంగా అది గేమ్ ఆగిపోయే ముందు చివర్లోనే ఉంటుంది. ఆ పేరు దొరికాక ఇంటిపేరు చూసి పైనున్న భాగాల్లో ఎందులోకి వస్తుందో వెతుక్కోవడమే.