నెట్ రావట్లేదా? రీసెట్ నొక్కకముందు ఇవి చూడండి

నెట్ ఆగిందనగానే చాలామంది చెయ్యి రౌటర్ వెనకున్న చిన్న రంధ్రం మీదికే పోతుంది. అందులో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కితే రౌటర్ కొన్న రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో పాటు సర్వీసువాళ్లు ఎక్కించిన పీపీపీఓఈ (నెట్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) వివరాలు కూడా చెరిగిపోతాయి. అప్పటిదాకా ఉన్నది ఒక సమస్య, ఇప్పుడు రెండు. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీసెట్ సంగతి చివర్లో చూద్దాం.

బయటి లైను నుంచి ఫైబర్ పెట్టెకి, అక్కడి నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి కంప్యూటర్‌కి, కంప్యూటర్ నుంచి బ్రౌజర్‌కి: నెట్ వచ్చే దారి ఇదీ. ఎక్కడ తెగిందో తేలేదాకా ఏ సెట్టింగూ మార్చకండి.

ముందు తేల్చాల్సింది, ఒక్క కంప్యూటర్‌కే రావట్లేదా లేక ఇంట్లో దేనికీ రావట్లేదా అన్నది. ఫోన్‌తో పరీక్షిస్తుంటే మొబైల్ డేటా ఆపేయండి. లేదంటే వైఫై లేకపోయినా ఫోన్ డేటా మీద నడుస్తూ ‘అంతా బాగానే ఉంది’ అనిపిస్తుంది. ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే రౌటర్ జోలికి వెళ్లక్కర్లేదు. దేనికీ రాకపోతే పెట్టె మీద లైట్లు చూడండి.

ఎల్ఓఎస్ అని రాసున్న లైటు ఎర్రగా వెలిగినా, మిణుకుమిణుకుమన్నా ఫైబర్‌లో సిగ్నల్ లేదని అర్థం. ఆ సన్నటి తీగ మంచం కోడు కింద నలిగిందేమో, గోడ మూలలో మడత పడిందేమో చూడండి. లోపల ఉన్నది గాజు, రాగి తీగను వంచినట్టు వంచకూడదు. మిగిలిన తీగను చుట్ట చుట్టాల్సి వస్తే 6 సెంటీమీటర్ల వ్యాసం కంటే బిగించకండి. కొన ఊడి ఉంటే అందులోకి తొంగి చూడొద్దు. ఆ లేజర్ కంటికి కనబడదు గానీ కంటికి హాని చేయగలదు. తీగ బాగానే ఉండి ఎరుపు పోకపోతే సర్వీసువాళ్లకి ఫోన్ చేయాల్సిందే, కంప్యూటర్‌లో గంటసేపు వెతికినా దొరికేదేమీ ఉండదు.

పాన్ (PON) లైటు, అంటే ఫైబర్ సిగ్నల్ అందుతోందని చూపేది, నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం వెలగకపోతే, లైను బాగుంది, లాగిన్ కుదరట్లేదు. ప్లాన్ గడువు అయిపోయిందేమో చూసుకోండి. ఈమధ్యే రౌటర్ మార్చి ఉంటే ఇంకో కారణం ఉండొచ్చు: కొందరు సర్వీసువాళ్లు కనెక్షన్‌ని పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌కి (తయారీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) ముడిపెడతారు. కొత్తది నమోదు చేయమని అడగాలి.

రీస్టార్ట్ చేయడానికీ ఒక వరుస ఉంది. ఫైబర్ పెట్టె, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండింటినీ ఆపి 30 సెకన్లు ఆగండి. ముందు పెట్టె ఆన్ చేసి, లైట్లు కుదురుకున్నాక, అంటే రెండు నిమిషాల తర్వాత, రౌటర్ ఆన్ చేయండి. తిరగేసి చేస్తే రౌటర్ తన ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబరు) అడిగే వేళకి అవతల ఇచ్చేది సిద్ధంగా ఉండదు.

ఇక కంప్యూటర్. వైరుతో కలిపితే, పోర్టు దగ్గర లైటు వెలుగుతోందో లేదో చూడండి. వెలగకపోతే బాగా పనిచేస్తున్న ఇంకో వైరు పెట్టి చూడటమే తేలిక పరీక్ష. ప్లగ్ మీది చిన్న ప్లాస్టిక్ నాలుక విరిగితే వైరు చూడ్డానికి ఉన్నట్టే ఉంటుంది, లోపల వదులవుతుంది. రెండు వైపులా గిగాబిట్ పోర్టులే ఉన్నా వేగం 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతే ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి తెగి ఉండొచ్చు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు జతలు చాలు.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ అడ్రస్ ఇవ్వలేదు, కంప్యూటరే ఒకటి తగిలించుకుంది. అదే కమాండ్ పక్కన ఖాళీ వదిలి, ఏటవాలు గీతతో రిలీజ్ (ipconfig /release), తర్వాత రెన్యూ (ipconfig /renew) కొట్టండి. అప్పటికీ 169.254 పోకపోతే తప్పు వైరులోనో, వైఫై పాస్‌వర్డ్‌లోనో, రౌటర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆగిపోవడంలోనో ఉంటుంది. ఎప్పుడో చేత్తో రాసిపెట్టిన అడ్రస్ మరిచిపోవడం కూడా మామూలే. ‘ఆటోమేటిక్’కి మార్చండి.

అడ్రస్ సరిగ్గా ఉంటే పింగ్ చేయండి, అంటే అక్కడే ping అని కొట్టి, ఖాళీ వదిలి, నంబరో పేరో ఇచ్చి అవతలిది పలుకుతుందో లేదో చూడండి. మొదట డీఫాల్ట్ గేట్‌వే అని కనబడే నంబరుకి (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1), తర్వాత 8.8.8.8కి (గూగుల్ సర్వర్), చివరికి ఏదైనా వెబ్‌సైట్ పేరుకి. గేట్‌వే పలికి 8.8.8.8 పలక్కపోతే తెగింది రౌటర్ అవతల. 8.8.8.8 పలికి పేరు మాత్రం దొరకలేదంటే చెడింది డీఎన్ఎస్, అంటే సైటు పేరుని నంబరుగా మార్చే సేవ. అడాప్టర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్‌గా 8.8.8.8, 1.1.1.1 ఇస్తే వెంటనే తేలిపోతుంది. మూడూ పలికినా పేజీలు తెరుచుకోకపోతే పాత వీపీఎన్, ప్రాక్సీ సెట్టింగులు, చివరికి కంప్యూటర్ తేదీ చూడండి. తేదీ ఏళ్లు వెనక్కి పోయి ఉంటే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లనివిగా కనబడతాయి.

కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని సగంలో ఆగిపోతుంటే అనుమానం ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్, అంటే డేటా ముక్క, గరిష్ఠ పరిమాణం) మీదికి పోవాలి. పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లో 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి రౌటర్‌లో 1500 బదులు 1492 ఉండాలి.

అన్నిటికంటే తికమక పెట్టేది రెండో రౌటర్. సిగ్నల్ అందట్లేదని ఇంకోటి తెచ్చి లాన్ పోర్టుకి (ఇంట్లోని పరికరాలు తగిలించేది) తగిలిస్తారు. రెండూ అడ్రస్‌లు పంచడం మొదలుపెడతాయి. కొన్ని పరికరాలకి నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు, గంట తర్వాత తారుమారవుతుంది. రెండోదానిలో డీహెచ్‌సీపీ ఆపేసి, దాని అడ్రస్ 192.168.1.2లా వేరేది ఇస్తే గొడవ తీరుతుంది. దాని వ్యాన్ పోర్టుకే (బయటి లైను తగిలించేది) తగిలించాలనుకుంటే రెండో రౌటర్ అడ్రస్ 192.168.2.1లా వేరే వరుసలో ఉండాలి. రెండు వైపులా ఒకే వరుస ఉంటే దానికి దారి తెలియదు.

వైఫై కనబడుతూ కలవకపోతే నెట్‌వర్క్‌ని ‘ఫర్గెట్’ చేసి మళ్లీ కలపండి. పాత పరికరాలు డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతికి కలవలేవు, డబ్ల్యూపీఏ2/3 మిశ్రమం పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్లలో ఒకటి ఎంచుకోండి, మధ్యవి పక్కవాటితో కలబడతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా రీసెట్ తప్పదనిపిస్తే, ముందు రౌటర్ పేజీలో వ్యాన్ సెట్టింగులు ఫొటో తీసుకోండి: కనెక్షన్ రకం, యూజర్‌నేమ్, వీల్యాన్ నంబరు. పాస్‌వర్డ్ అక్కడ చుక్కలుగానే కనబడుతుంది, దాన్ని సర్వీసువాళ్లని అడిగి రాసుకున్నాకే పిన్ను పట్టుకోండి.